ఇష్టంతో రాసిన కోడ్‌కు ధర అడగవచ్చా? గీక్ సంస్కృతి, ఓపెన్ సోర్స్, వ్యాపారం

ప్రశ్న: లాగ్‌దారి

నేను వృత్తిరీత్యా ప్రోగ్రామర్‌ను. రకరకాల సర్వర్లు తమ పనిని నమోదు చేస్తూ రాసే లాగ్ ఫైళ్లను చదివి ఒకే రూపంలోకి మార్చే చిన్న పైథాన్ లైబ్రరీని (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో చేర్చుకునే కోడ్‌ను) కొన్నేళ్లుగా ఎంఐటీ లైసెన్సు కింద ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, వాడుకునేలా నిర్వహిస్తున్నాను. ఒక పెద్ద సంస్థ తాను డబ్బు తీసుకుని అందించే సేవలో ఈ లైబ్రరీని వాడుతోందని, ఆ సంస్థ ఇంజనీరు ఒకరు పెట్టిన ఇష్యూ (లోపం గురించిన నివేదిక) చూసిన తరువాతే నాకు తెలిసింది. వాడుకోవడంలో తప్పేమీ లేదు, ఎంఐటీ లైసెన్సు ఇచ్చిందే అందుకు. అయితే ఆ ఇష్యూలో విన్నపం ఛాయ ఎక్కడా లేదు. తమ ఖాతాదారులకు మాట ఇచ్చాము గనుక ఫలానా తేదీలోగా లోపాన్ని సరిదిద్దాలని గడువు మాత్రం ఉంది. పనిలో చేయి కలపగలరా, లేదా ఖర్చులో కొంత భరించగలరా అని నేను అడిగితే, ఇష్టపడి చేసే పనిలో డబ్బు ప్రసక్తి ఎందుకని ఎదురు ప్రశ్న వచ్చింది.

ఆ ఇంజనీరు మీద నాకు కోపం లేదు. ఆయన ఆ మాటను కొత్తగా కనిపెట్టలేదు. మన రంగంలో పెరిగిన ప్రతివారూ ఏదో ఒక రూపంలో విన్నదే. ఇష్టం పనికి ప్రేరణ కావడం ఏ రంగంలోనైనా ఉన్నదే గాని, కంప్యూటర్ల మీద పిచ్చి ఇష్టం ఉన్న గీకుల సంస్కృతిలో అది అర్హతకు రుజువుగా కూడా చెలామణి అవుతుంది. చిన్నతనంలోనే కంప్యూటర్ విప్పి చూశారా, సెలవు రోజుల్లో కోడ్ రాస్తారా, కోడ్ పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లోని మీ పేజీలో, పనిచేసిన రోజులను చూపే పచ్చ గడులు ఎన్ని ఉన్నాయి అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి ఎవరు అసలైన గీకో, ఎవరు కేవలం జీతం కోసం వచ్చినవారో తేల్చేస్తారు. ఈ పరీక్షను ఎవరూ కాగితం మీద పెట్టలేదు గనుక దాన్ని సవాలు చేయడానికి కూడా వీలుండదు. (ఒక స్త్రీ తాను ఈమ్యాక్స్ అనే కోడ్ ఎడిటర్ వాడతానని చెప్పినప్పుడు చుట్టూ ఉన్నవారిలో హఠాత్తుగా పుట్టే పరీక్షాధికారుల సంఖ్య గురించి వేరే రాయాలి.)

నా అభిప్రాయం ఏమిటంటే, ఈ ఒక్క పరీక్షే రెండు వేర్వేరు ఫలితాలను ఇస్తోంది, మనం వాటిని రెండు వేర్వేరు సమస్యలుగా చర్చించుకుంటున్నాం. ఖాళీ గంటలు లేనివారు గుమ్మం దగ్గరే ఆగిపోవడం మొదటి ఫలితం. జీతం లేని ఇంటిపని, పిల్లల, వృద్ధుల సంరక్షణ అన్ని సమాజాల్లోనూ స్త్రీల మీదే ఎక్కువగా పడుతున్నాయి గనుక, ఆగిపోయేవారిలో స్త్రీలే ఎక్కువగా ఉంటారు. ఇక లోపలికి వెళ్ళగలిగినవారు తమ శ్రమకు ధర అడగడానికి సిగ్గుపడడం రెండవ ఫలితం. అడిగితే ఇష్టం తగ్గిందని, అంటే అర్హత తగ్గిందని అనుకుంటారేమోనన్న భయం ఆ సిగ్గు వెనుక ఉంది. టెక్నాలజీ వ్యాపారానికి దీనికంటే అనుకూలమైన ఏర్పాటు ఏముంటుంది?

స్త్రీలకు సహజంగా ఆసక్తి తక్కువ అనేవారు చరిత్ర చూడాలి. 1946లో ప్రపంచానికి పరిచయమైన తొలితరం కంప్యూటర్ ఎనియాక్‌ను ప్రోగ్రామ్ చేసినవారు ఆరుగురు స్త్రీలు. తొలి కంపైలర్లలో (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాముల్లో) ఒకటైన ఏ-0ను 1952లో రూపొందించినది గ్రేస్ హాపర్. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పట్టాలు పొందినవారిలో స్త్రీల వాటా 1984 ప్రాంతంలో సుమారు 37 శాతానికి చేరి, ఆ తరువాత దాదాపు సగానికి పడిపోయింది. ఇంటి కంప్యూటర్‌ను మగపిల్లల ఆటవస్తువుగా అమ్మిన కాలం కూడా అదే. అన్నిటికంటే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం అనుభవం నాకు ఎక్కువ చెబుతుంది. అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో చేరేవారిలో స్త్రీలు 1995లో 7 శాతం ఉంటే 2000 నాటికి 42 శాతమయ్యారు. ప్రవేశాల్లో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే ప్రాధాన్యాన్ని తగ్గించడం, అనుభవం ఉన్నవారికీ లేనివారికీ వేర్వేరు తొలి కోర్సులు పెట్టడం అక్కడ చేసిన ప్రధాన మార్పులు. చదువు స్థాయిని తగ్గించలేదు, అభిరుచిని ప్రవేశపత్రంగా అడగడం మానేశారు, అంతే. ఓపెన్ సోర్స్ అటువంటి మార్పు చేసుకోలేదు. 2017లో గిట్‌హబ్ నిర్వహించిన సర్వేలో జవాబిచ్చినవారిలో స్త్రీలు 3 శాతమే.

ఇప్పుడు నా సందేహాలు. ఈ లైబ్రరీని, మార్చిన కోడ్‌ను బయటపెట్టాలని షరతు పెట్టే ఏజీపీఎల్ లైసెన్సుకు మార్చి, ఆ షరతులు వద్దనుకునే సంస్థలకు డబ్బు తీసుకుని వేరే లైసెన్సు ఇవ్వాలని ఆలోచిస్తున్నాను. ఇప్పటివరకు ప్యాచ్‌లు (కోడ్‌కు సవరణలు) పంపినవారి విషయంలో ఇది న్యాయమేనా, చట్టరీత్యా సాధ్యమేనా? రెండవది, పై విశ్లేషణలో నేను రెండు సంగతులను బలవంతంగా ముడిపెడుతున్నానని మీకు అనిపిస్తే నిర్మొహమాటంగా చెప్పండి.

జవాబు 1: పాతకాపు

నిర్మొహమాటంగా అన్నారు గనుక చెబుతున్నాను: ముడి బలవంతమైనదే అని నాకు అనిపిస్తోంది.

మీరు అభిరుచిని ఒక వలలా చూపుతున్నారు. నాకు అది తలుపు. నా దగ్గర పట్టా లేదు, సిఫారసు లేదు. మెయిలింగ్ లిస్టులో నా పేరు, ముఖం, వయసు, చదువు ఎవరికీ అక్కరలేకుండా నా ప్యాచ్‌ను మాత్రమే చూసిన మనుషులు ఉండబట్టే నేను ఈ వృత్తిలో ఉన్నాను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన లైనక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగాన్ని) ప్రకటించినప్పుడు దాన్ని ఒక సరదా పనిగానే పరిచయం చేశాడు. అప్పుడే ధర మాట వచ్చి ఉంటే, ఈ రోజు మనం మాట్లాడుకుంటున్న సర్వర్లలో చాలావాటిలో మరేదో వ్యవస్థ నడుస్తూ ఉండేది, దాని సోర్స్ కోడ్ మనలో ఎవరికీ కనిపించేది కాదు.

ఇంకొక సంగతి. ఉచిత శ్రమ మీదే అంతా నడుస్తోందన్న చిత్రం పాతబడింది. లైనక్స్ కెర్నల్‌లోకి వచ్చే మార్పుల్లో అత్యధిక భాగం ఆ పని కోసమే జీతం తీసుకునే ఇంజనీర్ల నుంచి వస్తోంది. లైనక్స్ మీద వ్యాపారం చేసే రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 2019లో సుమారు 34 బిలియన్ డాలర్లకు కొన్నది. గిట్‌హబ్ కోసం మైక్రోసాఫ్ట్ 2018లో 7.5 బిలియన్ డాలర్ల విలువైన ఒప్పందం చేసుకుంది. ఈ రంగంలో డబ్బుకు కొదవ లేదు, దాన్ని అడగడం మీద నిషేధమూ లేదు. మీ లైబ్రరీ వంటి చిన్నవాటి దాకా ఆ డబ్బు ప్రవహించడం లేదన్నది నిజమైన సమస్యే గాని, అది సరఫరా మార్గాల సమస్య. దానికి సంస్కృతి మీద నేరం మోపడం వల్ల పరిష్కారం దొరకదు.

మర్యాద విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. ఎదుటివారిని మెయిల్లో చీల్చి చెండాడడం నాణ్యతకు గుర్తు అని నమ్మిన తరం మాది. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ స్వయంగా క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకున్నాడు, కెర్నల్ ప్రాజెక్టు అప్పుడే కొత్త ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది. కోడ్ నాణ్యత కుప్పకూలుతుందని జోస్యం చెప్పినవారు ఇప్పుడు ఆ మాట ఎత్తడం లేదు.

జవాబు 2: షరతులు_చదివేవాడు

విశ్లేషణను మీ ఇద్దరికీ వదిలేసి లైసెన్సు సంగతి చెబుతాను. నేను న్యాయవాదిని కాదు. సంస్థల్లో లైసెన్సుల తనిఖీ నా పని.

ఎంఐటీ కింద మీకు వచ్చిన పాత ప్యాచ్‌లు ఇబ్బంది పెట్టవు. ఆ లైసెన్సు ఉపలైసెన్సు ఇచ్చే హక్కును, అమ్ముకునే హక్కును స్పష్టంగా ఇస్తుంది. పంపినవారి కాపీరైట్ ప్రకటనలను, లైసెన్సు పాఠాన్ని అలాగే ఉంచితే చాలు, వాటిని కలుపుకుని కొత్త వెర్షన్‌ను ఏజీపీఎల్ కింద విడుదల చేయవచ్చు, వాణిజ్య లైసెన్సు కింద కూడా ఇవ్వవచ్చు. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. మార్పు జరిగాక ఎవరైనా ఏజీపీఎల్ కింద ప్యాచ్ పంపితే, దాన్ని మీరు వాణిజ్య లైసెన్సులో చేర్చి అమ్మలేరు. అందుకు పంపేవారి నుంచి హక్కుల ఒప్పందం తీసుకోవాలి. అటువంటి ఒప్పందం అడగగానే సగం మంది వెనక్కి తగ్గుతారు, వారిని తప్పు పట్టలేం. తాము ఉచితంగా ఇచ్చినదాన్ని మీరొక్కరే అమ్ముకోగలగడం వారికి రుచించదు. పెద్ద సంస్థ మీతో ఎలా వ్యవహరించిందని మీరు బాధపడుతున్నారో, వారి దృష్టిలో మీరు అదే స్థానంలోకి వెళతారు.

పాత వెర్షన్లు ఎప్పటికీ ఎంఐటీ కిందే ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. ఆ సంస్థ చివరి ఎంఐటీ వెర్షన్‌ను ఫోర్క్ చేసి, అంటే నకలు తీసి వేరే ప్రాజెక్టుగా తానే నడుపుకోవచ్చు. పెద్ద ప్రాజెక్టులకే ఇది తప్పలేదు. సెర్చ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎలాస్టిక్ 2021లో లైసెన్సు మార్చగానే అమెజాన్ ఓపెన్‌సెర్చ్ పేరుతో ఫోర్క్ చేసింది. హాషీకార్ప్ 2023 ఆగస్టులో సర్వర్లను ఏర్పాటు చేసే తన సాధనం టెర్రాఫామ్‌ను, వాణిజ్య వాడుకకు పరిమితులు పెట్టే బిజినెస్ సోర్స్ లైసెన్సుకు మారిస్తే ఓపెన్‌టోఫూ అనే ఫోర్క్ పుట్టింది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సంస్థ రెడిస్ 2024 మార్చిలో మార్చింది, దాని ఫోర్క్ వాల్కీ కొద్ది రోజుల్లోనే లైనక్స్ ఫౌండేషన్ నీడలో తయారైంది. వీటిలో ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్‌ను ఒక ఎంపికగా చేర్చి మళ్ళీ ఓపెన్ సోర్స్ వైపు వచ్చాయి. వచ్చినా ఫోర్కులు మాత్రం మాయం కాలేదు, వెళ్ళినవారు చాలామంది అక్కడే ఉన్నారు.

అయినా మీ ఆలోచనను కొట్టివేయడం లేదు. ఏజీపీఎల్ పేరు వింటేనే చాలా సంస్థల న్యాయ విభాగాలు ఆ కోడ్‌ను ముట్టుకోవద్దంటాయి. నెట్‌వర్క్ మీద సేవగా నడిపినా మార్చిన సోర్స్ కోడ్‌ను వాడుకరులకు అందుబాటులో ఉంచాలన్న దాని 13వ సెక్షన్ అందుకు కారణం. ఆ భయమే రెండు లైసెన్సుల వ్యాపారానికి పెట్టుబడి. కానీ అది పనిచేసేది, మీ లైబ్రరీని తీసివేసి కొత్తది రాసుకోవడం కంటే మీకు డబ్బు చెల్లించడం చవక అయినప్పుడే. లాగ్ ఫైళ్లను విడగొట్టే లైబ్రరీ విషయంలో ఆ లెక్క మీవైపు మొగ్గుతుందని నాకు గట్టి నమ్మకం లేదు. లైసెన్సును కదిలించకుండా, నిర్ణీత కాలంలో లోపాలు సరిదిద్దే బాధ్యతను అమ్మడం మీ స్థాయికి సరిపోతుంది. కోడ్ ఉచితమే, గడువుకు మాత్రం ధర ఉంటుంది. వారు అడిగింది కూడా గడువే కదా! ఎంఐటీ లైసెన్సు చివరి పేరా కోడ్‌ను ఉన్నది ఉన్నట్లుగా, ఏ హామీ లేకుండా ఇస్తున్నామని పెద్ద అక్షరాల్లో చెబుతుంది. ఆ ఇష్యూకు జవాబుగా ఆ పేరాను అతికించి, కింద మీ వార్షిక ఒప్పందం ధర రాయండి.

యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబరులో అమలులోకి వచ్చి, ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి వర్తించే సైబర్ రెజిలియెన్స్ చట్టం కూడా మీకు కొంత బలమిస్తుంది. దాని ప్రకారం, ఉత్పత్తిని మార్కెట్‌లో పెట్టేవారే అందులోని ఓపెన్ సోర్స్ భాగాల విషయంలో తగిన జాగ్రత్త వహించాలి, ఏదైనా భాగంలో భద్రతా లోపం కనబడితే దాని నిర్వాహకులకు తెలపాలి, తాము సవరణ తయారుచేసుకుంటే ఆ కోడ్‌ను వారితో పంచుకోవాలి. వ్యాపార కార్యకలాపం లేని నిర్వాహకుల మీద తయారీదారు బాధ్యత పడదు. మీరు వాణిజ్య లైసెన్సు అమ్మడం మొదలుపెడితే ఆ రక్షణ మీకు దక్కకపోవచ్చు. సంతకం చేసేముందు ఆ చట్టం తెలిసినవారిని తప్పక అడగండి.

జవాబు 3: పత్రరచయిత్రి

పాతకాపు గారు ప్యాచ్‌ను మాత్రమే చూసే మనుషుల గురించి రాశారు. అటువంటివారు ఉన్నారు, నేనూ చూశాను. కానీ గిట్‌హబ్ పుల్ రిక్వెస్టుల (తమ మార్పులను చేర్చుకోమని పంపే విన్నపాల) మీద 2017లో పీర్‌జే పత్రికలో వచ్చిన పరిశోధన వేరే చిత్రాన్ని చూపింది. మొత్తం మీద స్త్రీలు పంపిన మార్పులే పురుషులవాటికంటే ఎక్కువ శాతం ఆమోదం పొందాయి. అయితే ప్రాజెక్టుకు కొత్తవారై, ప్రొఫైల్‌ను బట్టి స్త్రీ అని తెలిసిపోయేవారి విషయంలో ఆ ఆధిక్యం నిలవలేదు. పేరు, ముఖం తెలియనంత కాలమే తలుపు తెరిచి ఉంటే, దాన్ని ఎంతవరకు తలుపు అనాలో మీరే చెప్పండి.

నేను ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో డాక్యుమెంటేషన్ రాస్తాను, ఇష్యూలను వర్గీకరిస్తాను, కొత్తవారి ప్రశ్నలకు జవాబులిస్తాను. ఆ పని వల్లనే ప్రాజెక్టు వాడుకకు వస్తుందని అందరూ ఒప్పుకుంటారు, కమిట్ల (కోడ్‌లో చేసిన మార్పుల) పట్టిక తీసినప్పుడు మాత్రం నా పేరు అడుగున ఉంటుంది. ఉద్యోగాలిచ్చేవారు ఆ పట్టికనే చూస్తారు. లాగ్‌దారి గారి పరీక్షలో ఇష్టానికే మార్కులు ఉన్నట్లయితే నాకు కూడా పడాలి కదా, పడవు. ఏ పని మీద ఇష్టం అన్నది కూడా ఆ పరీక్షలో భాగమే.

ఖాళీ గంటల సమస్యకు నేరుగా డబ్బుతో జవాబిచ్చిన ప్రయత్నం ఒకటి ఉంది. లైనక్స్ డెస్క్‌టాప్‌ను తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టులో 2006లో స్త్రీల కోసం మొదలై, తరువాత ఔట్‌రీచీగా విస్తరించిన కార్యక్రమం, మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కు 7000 డాలర్ల భృతి ఇస్తుంది. ముందు ఉచితంగా నిరూపించుకుని ఆ తరువాత జీతం అడగాలన్న వరుసను అది చాలావరకు తలకిందులు చేసింది. అటువంటివి మరిన్ని ఎందుకు పుట్టలేదన్నది నా ప్రశ్న.

మళ్ళీ లాగ్‌దారి

అందరికీ కృతజ్ఞతలు.

పాతకాపు గారూ, మీరు చెప్పిన తలుపు అబద్ధమని నేను అనను. నేను కూడా అందులోంచే వచ్చాను. కెర్నల్ పని ఇప్పుడు జీతం మీద నడుస్తోందన్నది కూడా నిజమే, నా ప్రశ్నలో ఆ సంగతి చెప్పి ఉండాల్సింది. కానీ ఆ జీతం ఎవరికి దొరుకుతుంది? అంతకుముందు కొన్నేళ్లు జీతం లేకుండా పనిచేసి కంటబడినవారికి. ఆ మొదటి కొన్నేళ్లను భరించగల స్తోమత ఎవరికి ఉంటుందన్న దగ్గరే నా వాదన ఉంది. సరఫరా మార్గాల సమస్య అన్నారు. డబ్బు అడగడం అసభ్యమన్న భావన ఉన్నచోట సరఫరా మార్గం ఎలా ఏర్పడుతుంది?

వెబ్‌లో సాగే సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను చూడండి. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడేనాటికి వెబ్‌లో భారీ భాగం భద్రత ఆ లైబ్రరీ మీదే ఆధారపడి ఉంది, దానికి వచ్చే విరాళాలు మాత్రం ఏడాదికి సుమారు 2000 డాలర్లు. గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు లైనక్స్ ఫౌండేషన్ ద్వారా నిధి ఏర్పాటు చేసింది ప్రమాదం తరువాతే. పదేళ్ల తరువాత, 2024 మార్చిలో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ ఉదంతం వచ్చింది. అలసిపోయిన ఒక ఒంటరి నిర్వాహకుడి మీద, పనులు ఆలస్యమవుతున్నాయంటూ అపరిచిత ఖాతాలు ఒత్తిడి తెచ్చాయి. ఇది జీతం లేకుండా చేస్తున్న పని అని ఆయన చెప్పుకోవలసి వచ్చింది. సాయం చేస్తానని వచ్చిన మరో ఖాతా రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టింది. ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్‌లో అర సెకను ఆలస్యం ఎందుకు వస్తోందని ఆండ్రెస్ ఫ్రూండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి అది బయటపడింది. ఆ ఖాతాలు ఉపయోగించుకున్న బలహీనత సాంకేతికమైనది కాదు. ఇష్టంతో చేసేవారు అలసిపోయామని చెప్పడానికి మొహమాటపడతారని, సాయం దొరికితే ఎక్కువ ప్రశ్నలు వేయరని ఆ ఖాతాల వెనుక ఉన్నవారికి బాగా తెలుసు.

వ్యాపారం ఓపెన్ సోర్స్‌ను చెడగొడుతుందన్న వాదన గీకుల్లో తరచుగా వింటాం. నాకు లిమోర్ ఫ్రైడ్ ఉదాహరణ నచ్చుతుంది. ఆమె 2005లో ప్రారంభించిన అడాఫ్రూట్ సంస్థ తన ఎలక్ట్రానిక్స్ బోర్డుల డిజైన్లను బహిరంగంగా ఉంచుతూనే ఆ బోర్డులను అమ్ముతుంది. కావలసినవారు నకలు చేసుకోవచ్చు, చేసినవారూ ఉన్నారు. ధర పెట్టినంత మాత్రాన అక్కడ ఇష్టం తగ్గినట్లు నాకు కనిపించలేదు. హార్డ్‌వేర్‌కు పెట్టె, తపాలా ఖర్చు ఉంటాయి గనుక ధర అడగడం తేలిక అని ఎవరైనా అనవచ్చు, అది ఒప్పుకుంటాను.

షరతులు_చదివేవాడు గారూ, ఏజీపీఎల్ ఆలోచన ప్రస్తుతానికి విరమిస్తున్నాను. ప్యాచ్‌లు పంపినవారి స్థానంలోంచి మీరు చెప్పిన మాటకు నా దగ్గర జవాబు లేదు. లైసెన్సు ఎంఐటీగానే ఉంటుంది. ప్రాజెక్టు పేజీలో, నిర్ణీత గడువులు కావలసినవారికి వార్షిక ఒప్పందం ఉంటుందని, మిగిలిన ఇష్యూలను నా వీలును బట్టి చూస్తానని రాస్తాను. పత్రరచయిత్రి గారి మాటను బట్టి, ఆ ఒప్పందాల నుంచి వచ్చే సొమ్ములో డాక్యుమెంటేషన్‌కు, ఇష్యూల వర్గీకరణకు ముందే ఒక వాటా కేటాయిస్తానని కూడా అక్కడే రాస్తాను. ఆ వాటా ఎంత ఉండాలో సూచించగలరా?

జవాబు 4: పాతకాపు

మొదటి కొన్నేళ్ల స్తోమత గురించి మీరన్నది ఆలోచించాను. ఆ కాలంలో నా తిండి, బట్ట ఎవరు చూసుకున్నారో నాకు తెలుసు గనుక దాని మీద ఇక వాదించను. ఎక్స్‌జెడ్ విషయంలో మాత్రం తేడా ఉంది: జీతం ఇచ్చి ఉంటే ఆ నిర్వాహకుడు అలసిపోయేవాడు కాదని మీరు అనుకుంటున్నారు, నేను అనుకోవడం లేదు. ఆయనకు డబ్బుతో పాటు రెండో మనిషి కూడా కావాలి, ఆ రెండో మనిషి డబ్బుతోనే వస్తాడన్న హామీ ఏమీ లేదు.

జవాబు 5: షరతులు_చదివేవాడు

వాటా సంగతి పత్రరచయిత్రి గారు చెప్పాలి. నేను ఒక్కటే చేరుస్తాను. ఒప్పందం ప్రకటించేముందు మీ ఉద్యోగ పత్రాన్ని తీసి చదవండి. పనివేళల బయట, సొంత కంప్యూటర్ మీద రాసిన కోడ్ మీద కూడా హక్కు కోరే నిబంధనలు, ఇతర ఆదాయాన్ని ముందుగా తెలపాలనే నిబంధనలు చాలా పత్రాల్లో ఉంటాయి. ఇన్నాళ్లూ డబ్బు లేదు గనుక ఎవరూ పట్టించుకుని ఉండరు. ఈ లైబ్రరీ మీద తమకు హక్కు లేదని మీ యజమాని నుంచి రాతపూర్వకంగా తీసుకుని, ఆ కాగితం చేతికి వచ్చాకే ధర ప్రకటించండి.

జవాబు 6: పత్రరచయిత్రి

శాతం కంటే గంటల లెక్క మేలు. శాతం పెడితే ఒప్పందాలు లేని నెలలో డాక్యుమెంటేషన్ మళ్ళీ ఉచితమైపోతుంది. ప్రతి విడుదలకు ఆ పనికి ఎన్ని గంటలు పడుతుందో ముందు రాసి పెట్టండి, కోడ్ గంటకు ఏ ధర వేసుకుంటారో దీనికీ అదే ధర వేయండి. ఆ రెండు ధరలూ సమానమని పేజీలో కనబడేలా ఉంటే, మొదటి విడుదలకు గంటల అంచనా వేయడంలో నేను సాయం చేస్తాను.